టెక్కలి గ్రానైట్: తూర్పు తీరపు శిలల భూచరిత్ర

శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, పలాస, మందస, మెళియాపుట్టి, పాతపట్నం ప్రాంతాల కొండల్లో, గుట్టల్లో బయటపడే గట్టి రాతిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు. అందులో నీలిఛాయ ఉన్న రకం ‘టెక్కలి బ్లూ’, ‘వైజాగ్ బ్లూ’ అనే పేర్లతో విదేశాలకు ఎగుమతి అవుతుంది. భూవిజ్ఞానుల లెక్క వేరు. వారి దృష్టిలో ఇందులో అసలు గ్రానైట్ కొంత భాగమే. మిగిలినది చార్నకైట్, పొరలుగా ఉండే నైస్, కొంతమేర కరిగి గడ్డకట్టిన మిగ్మటైట్ రకాల శిల. ఇవన్నీ ప్రకాశం జిల్లా మొదలుకొని మహానది దాటి ఒడిశా లోపలిదాకా సాగే తూర్పు కనుమల శిలావలయంలో భాగాలు. దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందట ఒక ఖండపు అంచు నలిగి, వేడెక్కి, కొంతమేర కరిగినప్పుడు ఈ రాళ్ళు ఇప్పటి రూపానికి వచ్చాయి. 13 కోట్ల ఏళ్ళ కిందట అదే చోట మరో ఖండం విడిపోవడంతో ఈ ప్రాంతం మళ్ళీ అంచు అయింది, సముద్రతీరమైంది.

రాయి స్వరూపం

పాలిష్ పట్టిన టెక్కలి పలకలో ముందుగా కంటబడేవి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు. కొన్ని రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటాయి. చాలా పలకల్లో అవన్నీ ఒకే దిక్కుకు ఒరిగి ఉంటాయి. రాయి ఇంకా మెత్తగా ఉండగానే దానిమీద ఒత్తిడి పడిందనడానికి అది గుర్తు. వాటి మధ్య నీలి బూడిద రంగు క్వార్ట్జ్, అక్కడక్కడ ముదురు ఎరుపు గార్నెట్ గింజలు ఉంటాయి. క్వార్ట్జ్‌లోని నీలం రంగుద్రవ్యం వల్ల వచ్చింది కాదు. స్ఫటికం లోపల చిక్కుకున్న అతిసన్నని ఖనిజపు సూదులు కాంతిని చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది. కొన్ని బ్లాకుల్లో అరచేతి పొడవున నల్లని పట్టీ ఒకటి అడ్డంగా పడి ఉంటుంది. చుట్టూ ఉన్నదంతా కరిగినా తాను కరగకుండా మిగిలిన పాత శిల అది. క్వారీలో దాన్ని మచ్చగా లెక్కగట్టి ధర తగ్గిస్తారు. భూవిజ్ఞాని మాత్రం మొదట ఆ మచ్చ దగ్గరికే వెళ్తాడు, ఎందుకంటే ఈ గ్రానైట్ ఏ రాయి కరిగి పుట్టిందో చెప్పేది అదే.

తూర్పు కనుమల్లో ఆ పాత శిల చాలాచోట్ల ఖొండలైట్. అది ఒకప్పుడు సముద్రపు అంచున పేరుకున్న బురద, ఇసుక. లోతుకు దిగి వేడెక్కినప్పుడు గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ ఉన్న శిలగా మారింది. ఇలా అవక్షేపం కరిగి పుట్టిన గ్రానైట్‌కూ, సముద్రపు పలక ఖండం కిందికి దూరేచోట అగ్నిపర్వతాల అడుగున పుట్టే గ్రానైట్‌కూ రసాయనంలో తేడా ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూపే పద్ధతిని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చాపెల్, వైట్ 1974లో ప్రతిపాదించారు. రుబీడియం, ఇట్రియం, నయోబియం పాళ్ళను బట్టి గ్రానైట్ ఏ రకం ఖండపు అంచున పుట్టిందో అంచనా వేసే పటాలను 1984లో పియర్స్, మరి ఇద్దరు ప్రచురించారు. అయితే 900 డిగ్రీలు దాటి ఉడికిన శిలలో ఈ మూలకాలు కొన్ని కదిలిపోతాయి. అందువల్ల తూర్పు కనుమల విషయంలో ఆ పటాలమీద ఒక్కటే ఆధారపడటం క్షేమం కాదు.

తొలి అధ్యయనాలు

కళింగ గాంగుల కాలం నుంచి జమీందారీల దాకా ఈ రాళ్ళతో గుళ్ళు, కోటలు కట్టారు, శాసనాలు చెక్కారు.

అయితే వాటి శాస్త్రీయ అధ్యయనం భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థతోనే మొదలైంది. విలియం కింగ్ 1886లో విశాఖపట్నం జిల్లా శిలలపై సంక్షిప్త వివరణ ప్రచురించాడు. టెక్కలి అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది కాబట్టి ఈ ప్రాంతపు పాత సమాచారం వెతికేవారు గంజాం దస్త్రాలు కూడా తిరగేయాలి. 1893లో థామస్ హాలండ్ కలకత్తాలోని సెయింట్ జాన్ చర్చి ఆవరణలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాతిని పరిశీలించి, ఆ రకం శిలకు చార్నకైట్ అని పేరు పెట్టాడు. ఆ సమాధి రాయి మద్రాసు దగ్గరి పల్లావరం నుంచి వెళ్ళినదని అతని నిర్ధారణ. 1900లో వెలువడిన అతని గ్రంథం దక్షిణ భారత చార్నకైట్ల అధ్యయనానికి ఇప్పటికీ మూలగ్రంథమే. హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉండటం, కొత్తగా విరిచిన ముఖం నూనె రాసినట్టు మెరవడం చార్నకైట్ లక్షణాలు. టెక్కలి నుంచి మహేంద్రగిరి వైపు వెళ్ళేకొద్దీ ఇది తరచుగా తగులుతుంది. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం చాలావరకు చార్నకైటే.

1902లో టి.ఎల్. వాకర్ కలహండి సంస్థానంలో పనిచేస్తూ, అక్కడి ఖోండు జాతి పేరిట ఖొండలైట్‌కు నామకరణం చేశాడు. చీపురుపల్లి ప్రాంతంలో 1890ల ప్రారంభంలోనే మాంగనీసు తవ్వకం మొదలైంది. ఆ గనుల చుట్టూ ఉన్న శిలలను లూయిస్ ఫెర్మర్ తన 1909 నాటి బృహద్గ్రంథంలో వర్ణించాడు. అదే ఫెర్మర్ 1936లో ద్వీపకల్పాన్ని చార్నకైట్ ఉన్న ప్రాంతాలు, లేని ప్రాంతాలు అని రెండుగా విభజించి చూపాడు. లోతైన భూపటలం ఎక్కడెక్కడ పైకి తేలిందో ఒక్క చూపులో తెలిపే విభజన అది. ప్రయోగశాలలో రాళ్ళ వయసు కట్టడం ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లో, కాలినడకన గీసుకున్న పటాల ఆధారంగా ఇంతటి నిర్ణయానికి రావడం మెచ్చదగిన పని. కాకతాళీయంగా ఆ ఏడాదే ఒడిశా రాష్ట్రం ఏర్పడి, టెక్కలి ప్రాంతం గంజాం నుంచి విశాఖపట్నం జిల్లాకు మారింది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది.

స్వాతంత్ర్యానంతరం ఈ అధ్యయనానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం కేంద్రమైంది. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సి. మహదేవన్ అక్కడి భూవిజ్ఞాన శాఖను నడిపాడు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ తూర్పు కనుమల, కడప శిలల ఐసోటోపు వయసులను 1964లో ప్రచురించాడు. దేశంలోని ఈ రంగపు తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

వయసు నిర్ణయం, అంటార్కిటికా సంబంధం

గ్రానైట్ వయసు కట్టడానికి ముఖ్య ఆధారం జిర్కాన్. మిల్లీమీటరులో పదో వంతుండే ఈ గింజ పుట్టేటప్పుడు యురేనియాన్ని చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం-238 సగానికి తరగడానికి 447 కోట్ల ఏళ్ళు, యురేనియం-235కు 70 కోట్ల ఏళ్ళు పడుతుంది. రెండు గడియారాలు ఒకే గింజలో నడుస్తాయి కాబట్టి ఒకదాన్ని రెండోదానితో సరిచూడవచ్చు. తూర్పు కనుమల జిర్కాన్‌ను అడ్డంగా కోసి పొరల వారీగా కొలిస్తే లోపలి గర్భం ఒక వయసూ, దాని చుట్టూ పెరిగిన పొర మరో వయసూ చూపడం మామూలే. గర్భం కరిగిపోయిన పాత అవక్షేపానిది, పొర గ్రానైట్ గడ్డకట్టిన కాలానిది. రెండింటినీ కలిపి సగటు తీసిన పాత లెక్కలు రెంటికీ చెందని అంకెలు ఇచ్చాయి.

1986లో ఎడ్వర్డ్ గ్రూ, మాంటన్ అనకాపల్లి దగ్గరి శిలలకు సుమారు 100 కోట్ల ఏళ్ళ వయసు కట్టారు. అంతవరకు తూర్పు కనుమల శిలలు ఆర్కియన్ కాలానివని, అంటే 250 కోట్ల ఏళ్ళకు పైబడినవని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. వారి వ్యాసం శీర్షికలోనే భారత్-అంటార్కిటికా పోలిక ఉంది. అంతకుముందు 1982లో ఫెడొరొవ్, రవిచ్, హాఫ్మన్ కూడా ఆగ్నేయ భారతాన్ని, శ్రీలంకను తూర్పు అంటార్కిటికాతో పోల్చి రాశారు. అంటార్కిటికాలోని ఆస్ట్రేలియా స్థావరమైన మాసన్ చుట్టూ ఉన్న చార్నకైట్ 98-95 కోట్ల ఏళ్ళ నాటిదని తేలింది. తూర్పు కనుమల్లో పెద్ద ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలున్న గ్రానైట్ల వయసూ అంతే. మాసన్ ఉన్న రేనర్ మండలం, శ్రీకాకుళం కొండలు ఒకప్పుడు ఒకే పర్వతశ్రేణిలో ఉండేవనడానికి ఇది గట్టి ఆధారం. ఆ శ్రేణి రొడీనియా అనే మహాఖండం కూడుతున్న కాలానికి చెందింది.

1999లో మెజ్గర్, కాస్కా ప్రచురించిన ఫలితాలు ఈ చిత్రానికి మరో పొర చేర్చాయి. వలయం పడమటి అంచున 55-50 కోట్ల ఏళ్ళ నాటి వేడి జాడలు వారికి దొరికాయి. అది గోండ్వానా అనే మహాఖండం కూడిన సమయం. 2003లో డోబ్‌మయర్, రైత్ వలయాన్ని జైపూర్, రెంగాలి, కృష్ణా, తూర్పు కనుమల ఖండికలుగా నాలుగు భాగాలు చేశారు. వీటిలో టెక్కలి, పలాస చివరిదానికి చెందుతాయి. కృష్ణా ఖండికలోని ఒంగోలు ప్రాంతపు శిలలు 160 కోట్ల ఏళ్ళ నాటివి కావడంతో, తూర్పు కనుమలన్నీ ఒకే ఘటనలో పుట్టాయన్న పాత భావన నిలవలేదు. 2013లో కోర్‌హోనెన్ బృందం ఈ శిలలు 900 డిగ్రీలకు పైబడిన వేడిలో కనీసం 5 కోట్ల ఏళ్ళు, బహుశా అంతకన్నా చాలా ఎక్కువ కాలం ఉన్నాయని లెక్కగట్టింది. మామూలు ఖండాల ఢీకొనుడుతో అంత వేడి అంతకాలం నిలవడం కష్టం. తూర్పు కనుమల ఖండిక భారత ఖండానికి అతుక్కున్నది 95 కోట్ల ఏళ్ళ కిందటా, 50 కోట్ల ఏళ్ళ కిందటా అన్నదానిపై ఇరుపక్షాల వాదనలూ నడుస్తున్నాయి.

భారత్ 2012లో ప్రారంభించిన అంటార్కిటికా స్థావరం ‘భారతి’ లార్స్‌మన్ కొండల మీద ఉంది. అక్కడి శిలల్లోనూ 53 కోట్ల ఏళ్ళ ప్రాంతపు, అంటే గోండ్వానా కూడిన కాలపు ముద్ర బలంగా కనిపిస్తుంది.

నదుల వెంట మెలికలు

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన టి.ఆర్.కె. చెట్టి ఈ ప్రాంతపు నిర్మాణాన్ని దశాబ్దాలపాటు పరిశీలించాడు. 1994లో డి.ఎస్.ఎన్. మూర్తితో కలిసి తూర్పు కనుమలను ఖండాలు ఢీకొన్న మండలంగా వివరించాడు. ఉపగ్రహ చిత్రాల్లోనూ, కొండమీది బండల్లోనూ ఒకే వరసలో సాగే కోత మండలాలను గుర్తించి, వాటిలో రెండింటికి నాగావళి, వంశధార నదుల పేర్లు పెట్టాడు. ఈ మండలాల్లో రాయి సాగి, దారాలు పేనినట్టు పొరలుగా మారింది. ఆ బలహీన రేఖలను పట్టుకునే నదులు లోయలు కోసుకున్నాయి. 2003లో సహచరులతో కలిసి నాగావళి మండలాన్ని తూర్పు గోండ్వానా పునర్నిర్మాణంతో జతచేసి ప్రచురించిన వ్యాసం ఈ జిల్లా భూవిజ్ఞానంలో చదవవలసిన వాటిలో మొదటిది.

తూర్పు కనుమల పడమటి హద్దు గురించి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం 2006లో సహరచయితలతో వివరించాడు. కూనవరం, ఏల్చూరు వంటి చోట్ల వరసగా దొరికే క్షారశిలలు ఖండం చీలినప్పుడు పుట్టి, ఆ చీలిక మూసుకున్నప్పుడు నలిగాయని వారి వాదన. నెల్లూరు జిల్లా కండ్రలో 185 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగు తునకను గుర్తించిన 2010 వ్యాసంలోనూ ఆయన భాగస్వామి.

విడిపోవడం, ఉద్దానం

95 కోట్ల నుంచి 13 కోట్ల ఏళ్ళ మధ్య ఈ కొండలు అరిగాయి, 25-30 కిలోమీటర్ల లోతున ఉన్న రాయి క్రమంగా పైకి వచ్చింది. ఆ తర్వాత అంటార్కిటికా విడిపోయి బంగాళాఖాతం తెరుచుకుంది. శ్రీకాకుళం తీరరేఖ ఈశాన్య-నైరుతి దిశలో సాగుతుంది. కనుమల పొరల దిశ కూడా అదే. కొత్త చీలిక చాలావరకు పాత మడతల వెంటే సాగిందన్న ఊహకు ఇది బలం.

శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలో ఇసుక, ఎర్రమట్టి కింద ఇదే శిల ఉంది. కొబ్బరి, జీడి తోటలకు నీరందేది దాని పగుళ్ళ నుంచీ, పైనున్న శిథిల పొర నుంచీ. ఈ ప్రాంతంలో చాలామందిని పీడిస్తున్న కిడ్నీ వ్యాధికి కారణాల చర్చలో భూగర్భజలంలోని సిలికా ప్రస్తావన వస్తుంది, కాని కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. కొండలు అరిగినప్పుడు జిర్కాన్, మోనజైట్, గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మెనైట్ గింజలు నదుల వెంట సముద్రానికి చేరాయి. అలలు తేలికైన క్వార్ట్జ్‌ను లాక్కుపోగా బరువైనవి ఒడ్డున మిగులుతాయి. భావనపాడు, కళింగపట్నం వైపు తీరంలో కనిపించే నల్లని, ఎర్రని చారలు అవే.

పరిరక్షణ

క్వారీ కోత రాతి చరిత్రను చూపే కొత్త ముఖాన్ని బయటపెడుతుంది. మరుసటి కోతతో ఆ ముఖం బ్లాకులై వెళ్ళిపోతుంది. మచ్చలున్నవి, గీతలున్నవి పక్కన కుప్పగా పడి కొంతకాలానికి క్రషర్‌కు చేరి కంకర అవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుమల శిలాతోరణం, మంగంపేట బెరైటీసు నిక్షేపం జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తింపు పొందాయి. భీమిలి ఎర్రమట్టి దిబ్బలకూ భూవారసత్వ గుర్తింపు ఉంది. శ్రీకాకుళం జిల్లా శిలాముఖమేదీ ఆ జాబితాలో లేదు.