పాడుబడ్డ కార్ఖానాల ఆరుబయటి చిత్రలేఖనం

మూతబడిన మిల్లులు, గోదాముల ఎదుటే ఈజిల్ నిలిపి బొమ్మ వేసే పద్ధతి. 1841లో జాన్ గాఫ్ రాండ్ తగరపు రంగుగొట్టం కనిపెట్టాక తైలవర్ణాలను ఆరుబయటికి మోసుకెళ్లడం సులువైంది. సిడ్నీలో 1983లో ఆగిపోయిన వైట్ బే విద్యుత్ కేంద్రాన్ని చిత్రకారిణి జేన్ బెనెట్ అక్కడికే వెళ్లి చిత్రించారు. ఎండ జరిగేలోపు నీడల్ని పట్టుకోవాలి. అన్నిటికన్నా కష్టం తుప్పు. ఫొటోలో ఒకే గోధుమరంగుగా కనిపించేది కళ్లెదుట నారింజ నుంచి ఊదా దాకా మారుతుంది. కావిరంగు ఒక్కటే చాలదు, పక్కన చల్లని బూడిదరంగు పడాలి.

తెలుగు నేతకార్మికులు ఎందరో మరమగ్గాలను నమ్ముకుని స్థిరపడిన సూరత్‌లో, కార్ఖానాలు కిక్కిరిసిన ఉధ్నా ప్రాంతం, మూతబడిన షెడ్డు దొరికితే, ఈ కళకు తగిన చోటు. వరంగల్‌లో మాత్రం 1934 నాటి ఆజంజాహి మిల్లు మూతపడింది, దాని షెడ్లు నేలమట్టమయ్యాయి కాబట్టి బొమ్మ వేయడానికి అవి మిగల్లేదు.