ధర్మదాత దస్త్రాలలో శిష్యుల సాక్ష్యం

పద్దెనిమిదో శతాబ్దంలో, అమెరికా ఇంకా ఇంగ్లండుకు వలసగా ఉన్న రోజుల్లో, ఎలియేజర్ వీలాక్ (1711–1779) అనే క్రైస్తవ మతాచార్యుడు ఉండేవాడు. ఆదివాసుల పిల్లలకు చదువు చెప్పిన పుణ్యాత్ముడనీ, డార్ట్‌మత్ కళాశాలను స్థాపించిన విద్యాదాత అనీ ఆయనను చాలాకాలం కీర్తించారు. ఆయన చనిపోయిన ముప్ఫై ఏళ్లకు, 1811లో, వెలువడిన జీవితచరిత్ర కూడా ఆ కీర్తినే స్థిరపరచింది.

అయితే ఆ కీర్తిని పరీక్షించే సాధనాన్ని కూడా వీలాకే మనకు వదిలిపోయాడు. ఆయన కాగితం పారవేసే మనిషి కాడు. తనకు వచ్చిన ఉత్తరాలను దాచాడు, తాను వ్రాసినవాటికి నకళ్లు ఉంచుకున్నాడు. జమాఖర్చులు, రశీదులు, బానిసలను కొన్న క్రయపత్రాలు, విద్యార్థులు తప్పు ఒప్పుకున్నట్టుగా ఉన్న కాగితాలు, అన్నీ ఆ కట్టల్లో ఉన్నాయి. వాటిని డార్ట్‌మత్ గ్రంథాలయం భద్రపరచింది.

ఇంత జాగ్రత్తగా ఎందుకు దాచాడు? పరుల సొమ్ముతో నడిచే పాఠశాల అది. చందా ఇచ్చినవాడికి లెక్క చెప్పాలి. శిష్యుడు ఎంత చదివాడో, ఎంత వినయం నేర్చాడో రుజువు చూపాలి. శిష్యుడి చేతివ్రాతే అందుకు మంచి రుజువు. కాబట్టి ఈ దస్త్రాలను మొదట ఒక ధర్మసంస్థ లెక్కల పుస్తకంగా చూడాలి. ఆ పుస్తకంలో శిష్యులు తమ లెక్క కూడా వ్రాసుకున్నారు. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ రెండో లెక్కను గురించి.

వీలాక్ కనెక్టికట్‌లో పుట్టి, 1733లో యేల్ కళాశాలలో పట్టా పుచ్చుకున్నాడు. ఆ కళాశాల పేరు వెనుక మన తీరపు కథ ఒకటి ఉంది. 1687 నుంచి 1692 దాకా చెన్నపట్నం కోటకు గవర్నరుగా ఉండి, ఈస్టిండియా కంపెనీ కొలువులోనూ సొంత వ్యాపారంలోనూ ధనవంతుడైన ఎలిహు యేల్, 1718లో సరుకుల మూటలు, పుస్తకాలు పంపగా, ఆ సరుకు అమ్మిన డబ్బుకు కృతజ్ఞతగా కళాశాలకు ఆయన పేరు పెట్టారు. వలస వ్యాపారపు లాభం విద్యాదానంగా మారడం వీలాక్ పుట్టించిన పద్ధతి కాదన్నమాట. ఆయన అందులోనే చదువుకుని పైకి వచ్చాడు.

1735లో వీలాక్ లెబనాన్ అనే ఊళ్లో ఒక చర్చికి ఆచార్యుడయ్యాడు. ఇంటి దగ్గర కొందరు తెల్లపిల్లలకు కళాశాల ప్రవేశానికి కావలసిన చదువు చెప్పేవాడు. 1743 డిసెంబరులో మొహీగన్ తెగకు చెందిన సామ్సన్ ఆకమ్ అనే ఇరవై ఏళ్ల యువకుడు ఆయన దగ్గరికి వచ్చాడు. అతన్ని వీలాక్ వెతికి తెచ్చుకోలేదు. చదువుమీద కోరికతో ఆకమే తన తల్లిని వీలాక్ వద్దకు పంపి అడిగించాడు. కొద్ది వారాలు చదువుకుందామని వచ్చినవాడు నాలుగేళ్లకు పైగా ఉండిపోయాడు. ఇంగ్లీషు, లాటిను, గ్రీకు, కొంత హీబ్రూ నేర్చాడు.

ఆ శిష్యుణ్ణి చూసిన తరువాతే ఆదివాసి పిల్లలకు ప్రత్యేక పాఠశాల పెట్టాలనే ఆలోచన వీలాక్‌కు గట్టిపడింది. 1754లో డెలావేర్ తెగకు చెందిన ఇద్దరు బాలురతో అది మొదలయింది. మరుసటేడు జాషువా మూర్ అనే భూస్వామి ఇల్లు, కొంత భూమి ఇవ్వడంతో ఆయన పేరే పాఠశాలకు వచ్చింది. మగపిల్లలకు చదువుతోపాటు పొలంపని ఉండేది. ఆడపిల్లలకు వారంలో ఒక్కరోజు బడి, తక్కిన రోజులు తెల్లవారి ఇళ్లలో ఇంటిపని నేర్చుకోవడం.

దాతల కోసం వీలాక్ 1763 నుంచి వృత్తాంతాలు అచ్చువేయించాడు. మొదటిదానిలో ఆయన వాదన ఎంతో లౌక్యమైనది. సరిహద్దుల్లో కోటలకూ సైన్యాలకూ పెడుతున్న ఖర్చులో కొంత మతబోధకులకూ ఉపాధ్యాయులకూ పెట్టి ఉంటే అంతకన్న మంచి రక్షణ దొరికేదన్నాడు. ఆదివాసి బోధకుడికి ఇంగ్లీషు బోధకుడి ఖర్చులో సగం కూడా పట్టదనీ అన్నాడు. అడవిలో బ్రతకడం అతనికి అలవాటే, భాష వచ్చు, దుబాసీ అక్కరలేదు.

ఈ మాటలను ద్వేషంతో అన్నవిగా తీసుకోనక్కరలేదు. చందా ఇచ్చేవాడి మనస్సు తెలిసినవాడు అన్నమాటలు ఇవి. కాని ఇందులో విద్య పరమార్థం స్పష్టంగానే బయటపడింది: కోటకన్న చౌకైన రక్షణ, తెల్లవాడికన్న చౌకైన శ్రమ.

ఇప్పుడు అచ్చుపుస్తకం మూసి, దస్త్రాల కట్ట విప్పుదాం. 1768 సెప్టెంబరులో ఆకమ్ తన బ్రతుకు గురించి కొద్ది పుటల్లో వ్రాసుకున్నాడు. అతడు 1749లోనే లాంగ్ ఐలండ్‌లోని మాంటాక్ తెగ నడుమకు వెళ్లి బడి పెట్టాడు. బోధకుడు, ఉపాధ్యాయుడు, తగవులు తీర్చే పెద్ద, అన్నీ తానే అయ్యాడు. 1759లో ప్రెస్బిటేరియను సంఘం అతన్ని మతాచార్యుడిగా అభిషేకించింది. కుటుంబం పెరిగింది, జీతం పెరగలేదు. మొక్కజొన్న వేశాడు, పందులను పెంచాడు, చేపలు పట్టాడు, కొయ్య గరిటెలు చెక్కాడు, పాత పుస్తకాలకు అట్టలు కట్టాడు.

ఆ వ్రాతలో అతడు వేసిన లెక్క ఒకటి ఉంది. ఒక పెళ్లికాని తెల్ల బోధకుడికి ఒక్క ఏడాదికి వంద పౌనులు ఇచ్చారు; అతని దుబాసీకి యాభై, దారి చూపి పరిచయం చేసేవాడికి ముప్ఫై. మొత్తం 180 పౌనులు. ఆకమ్‌కు పన్నెండేళ్ల సేవకు దక్కినది కూడా సరిగ్గా 180 పౌనులే. అంటే ఏడాదికి పదిహేను. పైగా దుబాసీ పని, దారి చూపే పని కూడా అతనివే. కారణమేమని తనను తాను ప్రశ్నించుకుని, తాను ఇండియను కావడమే అందుకు కారణమని తేల్చాడు. తనను తాను ఇండియనుగా పుట్టించుకోలేదు గదా అని కూడా అన్నాడు.

వీలాక్ అచ్చులో చెప్పిన ‘సగం ఖర్చు’నూ, ఆకమ్ చేతివ్రాతలోని 180 పౌనులనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. మొదటిది దాతకు చెప్పిన పొదుపు. రెండోది ఆ పొదుపు ఎవరి పొట్టకొట్టి వచ్చిందో చెప్పే వివరం. మొదటి లెక్క వెంటనే అచ్చయి సముద్రం దాటింది. రెండో లెక్క 1982 దాకా అచ్చుకు నోచుకోలేదు.

తక్కిన శిష్యుల కాగితాలూ ఇటువంటి సాక్ష్యమే ఇస్తాయి. త్రాగి అల్లరి చేశామని ఒప్పుకుంటూ, క్షమించమని వేడుకునే పత్రాలు కొన్ని ఉన్నాయి. వాటిలోని పశ్చాత్తాపం ఎంత శిష్యునిదో, ఎంత గురువు నేర్పిన పలుకుబడో విడదీయడం కష్టం. అందుచేత వాటిని చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. కాని 1767లో నారగాన్సెట్ తెగకు చెందిన ఒక తండ్రి వ్రాసిన ఉత్తరంలో అటువంటి సందేహానికి తావులేదు. చదువుకోసమని కొడుకును పంపితే పొలంపనిలో పెట్టారు. పొలంపని నేర్పడం నాకు చేతకాదా అని అతని ఆక్షేపణ. ఒక బీద తండ్రి విద్యకూ వెట్టికీ ఉన్న తేడాను అంత సూటిగా పట్టుకున్నాడు. ఆ ఉత్తరాన్నీ వీలాక్ దాచాడు.

ఇక కళాశాల సంగతి. పాఠశాలకు నిధి పోగుచేయడానికి 1765 చివర ఆకమ్‌నూ, నథానియేల్ విటేకర్ అనే మతాచార్యుణ్ణీ వీలాక్ ఇంగ్లండు పంపాడు. ఆకమ్ అక్కడ రెండేళ్లకు పైగా తిరిగి మూడు వందలకు మించి ఉపన్యాసాలు ఇచ్చాడు. మూడవ జార్జి రాజు 200 పౌనులు ఇచ్చాడు. ఇంగ్లండు, స్కాట్లండులలో కలిపి దాదాపు 12,000 పౌనులు పోగయ్యాయి. ఆ నిధికి ధర్మకర్తల పెద్ద డార్ట్‌మత్ ప్రభువు.

1768లో తిరిగివచ్చేసరికి ఆకమ్ ఇంట్లో భార్యాపిల్లలు జబ్బుతో, లేమితో ఉన్నారు. వారి బాగు చూస్తానని వీలాక్ ఇచ్చిన మాట నిలవలేదు. ఇంతలో వీలాక్ ఆలోచన మారింది. ఆదివాసి శిష్యులమీద ఆయనకు నమ్మకం సడలింది, తెల్ల బోధకులను తయారుచేయడమే మేలనుకున్నాడు. 1769లో ఒనైడా తెగవారు తమ పిల్లలను బడి మాన్పించి తీసుకుపోయారు. ఆ ఏడే డిసెంబరు 13న న్యూ హాంప్‌షైర్ గవర్నరు జాన్ వెంట్‌వర్త్ ద్వారా కళాశాలకు రాజశాసనం లభించింది. శాసనంలో ఆదివాసి యువకుల పేరు ముందు, ఇంగ్లీషు యువకుల పేరు తరువాత ఉన్నది. 1770లో వీలాక్ కనెక్టికట్ వదలి హానోవర్ అడవులకు తరలిపోయాడు. వెంట వచ్చినవారిలో ఎనిమిదిమంది బానిసలు ఉన్నారు. 1771లో మొదటి పట్టాలు పుచ్చుకున్నది నలుగురు. నలుగురూ తెల్లవారే, ఒకడు వీలాక్ కొడుకు.

ఆ ఏడు జులై 24న ఆకమ్ తన గురువుకు వ్రాసిన ఉత్తరం ఈ దస్త్రాలన్నిటికీ తలమానికం. తెల్ల విద్యార్థులు ఇంతమంది, ఆదివాసులు దాదాపు శూన్యం కావడం తన్ను నిరుత్సాహపరచిందన్నాడు. ఇలా అవుతుందని తెలిసివుంటే, ఇంగ్లండులో పదిమందీ వింతగా చూసే వస్తువుగా, నవ్వులపాలుగా నిలబడేవాణ్ణి కానన్నాడు. డబ్బు రాబట్టడానికి నిన్ను పనిముట్టు చేసుకున్నారు, ఇంటికి పోగానే వదిలేస్తారని అక్కడే కొందరు హెచ్చరించారనీ, ఇప్పుడు ఆ మాట నమ్మబుద్ధి అవుతున్నదనీ వ్రాశాడు. అందులోనే లాటినులో ఒక శ్లేష వేశాడు. చదువు చెప్పిన సంస్థను ‘ఆల్మా మాటెర్’, అంటే పాలిచ్చి పోషించే తల్లి, అంటారు. ‘ఆల్బా’ అంటే తెల్లని అని అర్థం. ఆ తల్లి మరీ తెల్లనిదైపోయి, నల్లని బిడ్డలకు పాలివ్వదేమోనని తన భయమన్నాడు.

గురువు నేర్పిన లాటినుతోనే గురువును నిలదీశాడు. విద్య తన్నిచ్చినవాడి ఉద్దేశానికి లోబడి ఉండదనడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు. ఈ కారణంచేతనే మనం వీలాక్‌ను ఒక్క వేటుతో కొట్టివేయకూడదు. అతడు పెట్టిన బడిలో అక్షరం దొరికింది. ఆ అక్షరం ఆదివాసి చేతికి వచ్చాక అతని దరఖాస్తుగా, అతని లెక్కగా, అతని తిరస్కారంగా మారింది. వలసపాలకుల విద్యను వట్టి మోసమని త్రోసిపుచ్చే మిత్రులు ఈ సగాన్ని మరచిపోతారు. దానిని వట్టి దానమని కీర్తించేవారు మొదటి సగాన్ని దాస్తారు.

ఆకమ్ ఆ ఉత్తరంతో ఆగిపోలేదు. 1772లో ఒక ఆదివాసి ఖైదీ ఉరికంబమెక్కిన రోజున ఇచ్చిన ఉపన్యాసాన్ని అచ్చువేశాడు; అది ఎన్నో ముద్రణలు పొందింది. 1774లో కీర్తనల సంకలనం తెచ్చాడు. కనెక్టికట్ ప్రభుత్వంతో మొహీగన్ల భూమి తగాదా 1773లో వారికి ప్రతికూలంగా ముగిసింది. తరువాత తన అల్లుడు జోసెఫ్ జాన్సన్ మొదలైనవారితో కలిసి, ఒనైడాలు ఇచ్చిన నేలమీద వేర్వేరు తెగల క్రైస్తవ ఆదివాసులకు బ్రదర్‌టౌన్ అనే ఊరు కట్టడానికి పూనుకున్నాడు. 1792లో కన్నుమూశాడు.

అతని భయం నిజమయింది. 1970 దాకా, రెండు శతాబ్దాల కాలంలో, ఆ కళాశాలలో పట్టా పుచ్చుకున్న ఆదివాసులు ఇరవైమంది కూడా లేరు. శాసనంలోని మొదటి మాటను నిలబెట్టుకోవాలని కళాశాల గట్టిగా పూనుకున్నది 1970 తరువాతే.

కాగితాల కథ కూడా ఇటువంటిదే. 1932లో కళాశాలవారు శిష్యుల ఉత్తరాలను పుస్తకంగా అచ్చువేసినప్పుడు దానికి ‘ఎలియేజర్ వీలాక్ గారి ఇండియనుల ఉత్తరాలు’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. నూట యాభై ఏళ్ల తరువాత కూడా మనుషులు ‘వీలాక్ గారి’ సొత్తే అయ్యారు. తరువాత అదే కళాశాల పండితులు ఆకమ్ చుట్టూ ఉన్న ఐదు వందలకు పైగా పత్రాలను అందరూ చదవడానికి అందుబాటులోకి తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో, తమ వద్దనున్న ఆకమ్ వ్రాతలను డార్ట్‌మత్ కళాశాల మొహీగన్ ప్రజలకు అప్పగించింది. అతని బ్రతుకులో దక్కని న్యాయం దీనితో దక్కిందనలేము. ఆ 12,000 పౌనుల మాట అలాగే ఉంది. అయినా ఇది చిన్న విషయం కాదు. ‘ఇది మాది’ అన్న మాటను సంస్థ వెనక్కు తీసుకోవలసివచ్చింది.

దస్త్రాలను దాచేది సాధారణంగా ఉన్నవాడే. ఇల్లు, బీరువా, తీరిక అతనికే ఉంటాయి. అందుచేత లేనివాడి చరిత్రకు ఆధారాలు లేవని నిరుత్సాహపడే విద్యార్థులు మనలో చాలామంది ఉన్నారు. వారు వీలాక్ కట్టలను తలచుకోవాలి. లేనివాడి మాట ఉన్నవాడి బీరువాలోనే, తరచు అతనికి వ్యతిరేకంగానే, ఎదురుచూస్తూ ఉంటుంది. దాతగారి జమాఖర్చు చదివేటప్పుడు జమ ఎవరి చెమటదో, ఖర్చు ఎవరికోసమో అడుగుతూ పోతే చాలు, ఆ మాట వినబడుతుంది.