వీసా మీద ఏటి రాసున్నాది?

2020 సెప్టెంబరు 14. లిబియా దేశం. ఏడుగురు భారతీయులు ట్రిపోలి విమానాశ్రయానికి బయల్దేరారు. ఇంటికి తిరిగొచ్చే ప్రయాణం అది. విమానం ఎక్కితే చాలు, కష్టాలు గట్టెక్కినట్టే. అశ్వెరిఫ్ అనే చోట దుండగులు వాళ్ళను ఎత్తుకుపోయారు.

వాళ్ళు నిర్మాణ పనులు, చమురు క్షేత్రాలకు సరఫరాలు చూసే ఒక కంపెనీలో పనివాళ్ళు. బీహార్, గుజరాత్, ఉత్తరప్రదేశ్ వాళ్ళతో పాటు మనవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి పక్కనున్న సంతబొమ్మాళి మండలం. అప్పట్లో లిబియా వ్యవహారాలు చూసింది ట్యునీసియాలోని మన రాయబార కార్యాలయం. అక్కడి నుంచి మంతనాలు నడిచాయి. లిబియా అధికారులు, ఆ ప్రాంతపు తెగల పెద్దలు కలగజేసుకున్నారు. అక్టోబరు 11న ఏడుగురూ ప్రాణాలతో విడుదలయ్యారు.

వాళ్ళు ఇంకా దుండగుల చెరలో ఉండగానే విదేశాంగ శాఖ విలేకరులకు ఒక సంగతి గుర్తుచేసింది. లిబియా వెళ్ళొద్దని 2015 సెప్టెంబరులోనే చెప్పామనీ, 2016 మే నుంచి పూర్తి నిషేధమే పెట్టామనీ, ఏ పని మీదైనా సరే అక్కడికి పోరాదనీ.

నిషేధం పెట్టి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. అయినా పనివాళ్ళు వెళుతూనే ఉన్నారు. ఢిల్లీలో వెలువడిన మాటకూ శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం వీధికీ మధ్య ఏం జరుగుతోంది? అది తెలియాలంటే లిబియా దాకా పోనక్కర్లేదు. ఇక్కడే ఒక ఇంటి గడప తొక్కితే చాలు.

తిత్లీ తెల్లవారుజాము

2018 అక్టోబరు 11. పొద్దు పొడవకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో గాలి. తెల్లారి చూస్తే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో కొబ్బరి చెట్లు నేల మీదున్నాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. అయిదేళ్ళ ముందు ఫైలిన్ తుపాను కొట్టిన దెబ్బ నుంచి తేరుకుంటున్న తోటలే అవి.

వరి పోతే మరుసటేడు మళ్ళీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు ఆగాలి. ఆ ఆరేడేళ్ళు ఇల్లు ఎలా గడవాలి? ఉద్దానం వలసలో సగం లెక్క ఇక్కడే తేలిపోతుంది. మిగతా సగం ఇంట్లోని మంచం చెబుతుంది. కారణం ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టని కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళలో సంపాదించే మనిషినే పడేసింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది 2023 డిసెంబరు 14న. అప్పటికే చాలా కుటుంబాలు విశాఖపట్నం చుట్టూ తిరిగి తిరిగి అప్పుల్లో కూరుకుపోయాయి.

ఈ తీరానికి ఓడ ఎక్కడం కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలు రంగూన్ పోయేవారు. ఊరి మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు. అక్కడ ఒళ్ళు హూనం చేసుకుని ఆ బాకీ తీర్చేవారు. అప్పుడు మేస్త్రీ డబ్బిచ్చి తీసుకెళ్ళాడు, ఇప్పుడు ఏజెంటు డబ్బు పుచ్చుకుని పంపుతున్నాడు. రెండు కాలాల్లోనూ బాకీ మాత్రం కూలివాడి నెత్తినే.

మావయ్య వరసయ్యే ఏజెంటు

ఇక్కడి నుంచి చెప్పే ఇల్లు ఏ ఒక్కరిదీ కాదు. ఉద్దానంలో మళ్ళీ మళ్ళీ జరిగే తంతును ఒక గడపలో పెట్టి చెబుతున్నాం. మనుషులు కల్పితం. నిబంధనలు, శిక్షలు, తేదీలు మాత్రం నిజం.

కుర్రాడికి ఇరవై మూడేళ్ళు. పదో తరగతి తప్పాడు. వెల్డింగ్ నేర్చుకున్నాడు. తండ్రికి వారానికి రెండుసార్లు డయాలసిస్. తల్లి కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పనికి పోతుంది. ఒక సాయంత్రం ఏజెంటు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పక్క ఊరి మనిషే. దూరపు చుట్టరికం కూడా ఉంది.

"అప్పా, మలేషియాలో పనున్నాది. నెలకి నలబైవేలు. అల్లుడికి చేతిలో పనున్నాది కదా, ఇంకేటి కావాల?"

"ఏటో తమ్ముడూ, బయమేస్తంది. కాయితాలన్నీ సరిగ్గా ఉంటాయా?"

"నానున్నాను కదప్పా! ముందల విజిటింగు మీద ఎల్తాడు. దిగాక కంపెనీవోలే పర్మిట్టు కొట్టిస్తారు. మన కుర్రోలందరూ అలగే ఎల్లారు. అదిగో, ఆ రెండంతస్తుల ఇల్లు ఎలగొచ్చిందనుకుంటన్నావు?"

ఆ ఇల్లు వీధి చివర నిజంగానే ఉంది. ఏజెంటు బలం అక్కడే. అతను చెప్పినవాటిలో చాలావరకు నిజాలే. పని ఉన్నమాట నిజం. ఇల్లు కట్టినవాడు ఉన్నమాట నిజం. 2023 డిసెంబరు నుంచి మలేషియా భారతీయులను 30 రోజులకు వీసా లేకుండా రానిస్తున్నమాటా నిజమే. అతను దాటేసింది ఒక్కటే. ఆ 30 రోజులు ఊరు చూడ్డానికే గాని పని చేయడానికి కాదు.

మరొకటీ చెప్పలేదు. పదో తరగతి పాసవనివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈ.సి.ఆర్. అని ఉంటుంది. గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి చోట్లకు పనికి పోవాలంటే వాళ్ళకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. ఆ అనుమతికి జీతం రాసిన ఒప్పందం చూపాలి, బీమా చేయించాలి. ఈ తతంగం ఏజెంటుకు గిట్టదు. అందుకే విజిటింగు. చూడ్డానికి పోయేవాణ్ణి ఒప్పందం గురించి ఎవరూ అడగరు.

తల్లి మెడలో గొలుసు తాకట్టుకు పోయింది. మిగతా సొమ్ముకు నూటికి రెండు రూపాయల వడ్డీతో నోటు రాశారు. లక్షన్నర ఏజెంటు చేతిలో పడింది. రసీదు అడగాలని ఎవరికీ తోచలేదు. తమ్ముణ్ణి రసీదు అడుగుతారా?

నెల దాటాక

పలాసలో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి విమానంలో కౌలాలంపూర్. పని దొరికింది. దిగినరోజే మేస్త్రీ పాస్‌పోర్టు పుచ్చుకున్నాడు. రెండు వారాలు బాగానే నడిచింది. విజిటింగు మీద పని చేయడమే తప్పు. ముప్ఫై ఒకటో రోజు నుంచి అక్కడ ఉండడం కూడా నేరమే. కుర్రాడికి ఆ సంగతి తెలియనే తెలియదు. పర్మిట్టు సంగతి అడిగితే వచ్చేవారం అన్నారు. జీతంలో సగమే ఇచ్చారు. తిరగబడితే పోలీసులకు చెబుతామన్నారు.

ఆ మాట ఉత్త బెదిరింపు కాదు. మలేషియా ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం సరైన పర్మిట్టు లేకుండా ఉన్నవాళ్ళకు పది వేల రింగిట్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు, ఆరు బెత్తం దెబ్బల దాకా శిక్ష వేయొచ్చు. ఈ సంగతి పలాసలో తెలిసుంటే ఆ తల్లి గొలుసు తీసేదా? కుర్రాడు మాత్రం తనిఖీ అంటే చాలు, షెడ్డు వెనక చెట్లలోకి పరిగెత్తేవాడు. 2024లో మలేషియా స్వదేశానికి పంపించే పథకం పెట్టినప్పుడు 500 రింగిట్లు జరిమానా కట్టి బయటపడ్డాడు.

ఇంటికొచ్చాక కుర్రాడు నోరు విప్పలేదు. ఎందుకొచ్చేశావంటే 'ఒంట్లో బాగోలేదు' అన్నాడు. సిగ్గు. మోసపోయానని చెబితే చేతకానివాడంటారు. ఏజెంటు మీద కేసు పెడితే చుట్టాలందరితోనూ తగువు. వలస చట్టం చూస్తే 1983 నాటిది. అందులో ఏజెంటు తప్పుకు రెండేళ్ళ దాకా జైలు ఉంది గాని, జరిమానా మాత్రం రెండు వేల రూపాయలకు మించదు. లక్షన్నర పుచ్చుకున్నవాడికి అదొక భయమా? అతను పక్క వీధికి పోయి, ఇంకో అరుగు మీద కూర్చున్నాడు.

అదే గుమ్మంలోంచి ఇంకా చీకటి దారులున్నాయి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం అలాంటిదే. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా గుంజి, బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ చైనా ముఠాలకు అమ్మేశారు. మనవాళ్ళకే ఫోన్లు చేసి మనవాళ్ళ డబ్బే కాజేయాలి. చేయనంటే చీకటి గది, దెబ్బలు. మే 20న సిహనౌక్‌విల్‌లో భారతీయులు తిరగబడ్డారు. 2022 జనవరి నుంచి 2024 మే మధ్య సందర్శక వీసాల మీద కంబోడియా, థాయిలాండ్, మయన్మార్, వియత్నాం వెళ్ళి తిరిగిరాని భారతీయులు 29,466 మంది అని కేంద్ర ఇమిగ్రేషన్ బ్యూరో లెక్క తేల్చింది. ఇంజనీరింగ్ చదివినవాడికైనా, పదో తరగతి తప్పినవాడికైనా ఏజెంటు చెప్పే మాట ఒక్కటే. 'ముందల విజిటింగు.'

గోడ మీద బేడీల బొమ్మ

ఇలాంటివి బయటపడినప్పుడల్లా అవగాహన కార్యక్రమాలంటారు. గోడ మీద బేడీలు వేసిన చేతుల బొమ్మ పెడతారు. అక్రమ వలస నేరం అని రాస్తారు. మొదటి తప్పు ఇదే. ఆ బొమ్మ ఎవరిని భయపెడుతుంది? ఏజెంటును కాదు. తిరిగొచ్చి నోరు మూసుకున్న కుర్రాణ్ణి మరింత మూల కూర్చోబెడుతుంది. అతని మౌనమే ఏజెంటుకు పెట్టుబడి.

రెండో తప్పు, అసలు వెళ్ళొద్దనడం. తోట పడిపోయినవాడికి, ఇంట్లో రోగి ఉన్నవాడికి ఆ మాట చెవికెక్కదు. వీధి చివర రెండంతస్తుల ఇల్లు కనిపిస్తుండగా వలస అంతా నాశనమే అంటే ఎవరు నమ్ముతారు? బాగుపడినవాళ్ళున్నారని ఒప్పుకుని, వాళ్ళు ఏ వీసా మీద వెళ్ళారో చెప్పాలి. అప్పుడు ఊరు చెవి ఒగ్గుతుంది.

మూడో తప్పు, భాష. విదేశాంగ శాఖ నినాదం 'సురక్షిత్ జాయే, ప్రశిక్షిత్ జాయే'. మంచి మాటే. మందస సంతలో ఎంతమందికి అర్థమవుతుంది? ఉద్దానానికి ఉద్దానం తెలుగు కావాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా కూడా కావాలి.

మరి ఏ మాట పనిచేస్తుంది? సెనెగల్ రాజధాని డాకర్‌లో అంతర్జాతీయ వలసల సంస్థ ఒక ప్రయత్నం చేసింది. సముద్రం దాటబోయి దెబ్బతిని తిరిగొచ్చినవాళ్ళ చేతికే కెమెరా ఇచ్చి, తోటివాళ్ళ అనుభవాలు తీయించి, పేటల్లో చూపించి మాట్లాడించింది. 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆ సినిమా చూసినవాళ్ళలో దొంగదారిన పోవాలనుకునేవాళ్ళు, చూడనివాళ్ళతో పోలిస్తే 20 శాతం తక్కువ. అధికారి చెప్పింది కాదు, అనుభవించినవాడు చెప్పింది ఎక్కింది.

మనకూ అదే దారి. చెప్పేవాడు తిరిగొచ్చిన కుర్రాడు కావాలి. ముందు అతని మీద నేరస్థుడి ముద్ర తీసేయాలి. వినాల్సింది ప్రయాణమయ్యే అబ్బాయి ఒక్కడే కాదు, గొలుసు తీసిచ్చే తల్లి, నోటు మీద వేలిముద్ర వేసే భార్య. వాళ్ళు దొరికేది డ్వాక్రా సంఘం సమావేశంలో, జీడి పరిశ్రమల్లో, కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరలో. కుర్రాళ్ళు దొరికేది వెల్డింగ్ నేర్పేచోట. ఇక సమయం అన్నింటికంటే ముఖ్యం. అడ్వాన్సు కట్టాక ఎంత చెప్పినా ఎవరూ వెనక్కి తగ్గరు. పోయిన డబ్బు రాబట్టుకోవడానికైనా వెళతారు. తుపాను వెలిసిన వారంలో బియ్యం బస్తాతో పాటే ఈ మాటా గడపకు చేరాలి, ఏజెంటు కంటే ముందు.

చెప్పే మాట బెదిరింపుగా కాకుండా ప్రశ్నగా ఉండాలి. తల్లి నోట పలికేలా మూడే మూడు ప్రశ్నలు.

"తమ్ముడూ, నీ లైసెన్సు నంబరెంత?" లైసెన్సు ఉన్న ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటుంది. సబ్ ఏజెంటును అన్నవాణ్ణి చట్టం గుర్తించదు.

"వీసా మీద ఏటి రాసున్నాది? పనికా, చూడ్డానికా?" విజిటింగు అంటే అక్కడితో మాట ఆపేయాలి.

"డబ్బుకి రసీదిస్తావా?" ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. కలిపితే 35,400. అంతకు మించి అడిగినవాడు చట్టం దాటినవాడే.

సరైన దారిన, అనుమతితో వెళ్ళినవాడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. విజిటింగు మీద వెళ్ళినవాడికి అందులో పైసా రాదు.

అమ్మలారా, అక్కలారా, ఏజెంటు చుట్టమైనా సరే, ఈ మూడూ అడగండి. జవాబు చెప్పలేకపోతే గొలుసు మెడలోనే ఉంచుకోండి. అనుమానముంటే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానికి ఫోన్ చేయండి, 1800 11 3090. పైసా ఖర్చవదు. తిరిగొచ్చిన తమ్ముళ్ళకు ఒక మాట. మోసపోవడం తప్పు కాదు. ఆ సంగతి పక్క వీధికి చెప్పకపోతే రేపు ఆ వీధి కుర్రాడూ మీలాగే మోసపోతాడు. నోరు విప్పండి.