పన్నులేని పొదుపు: దాని పూర్వోత్తరములు

మన పూర్వులు ధనమును మూడు చోట్ల దాచుచుండిరి: నేలలో పాతిన బిందెలో, ఆడువారి మెడలోని బంగారములో, షావుకారు చిట్టాలో. బిందె వడ్డీ నీయదు. బంగారమునకు దొంగభయము. షావుకారు వడ్డీ నిచ్చును గాని, ఆయన దివాలా తీసిన నాడు అసలును పోవును. తరువాత ప్రభుత్వము వారు పన్నులేని ఖాతా అను నాలుగవ చోటు చూపిరి. అది యెట్లు పుట్టెను, అందు మన రొక్కము నుంచుట తగునా యనునదియే నేటి ప్రసంగ విషయము.

ముందు పన్ను మాట. 1857 నాటి తిరుగుబాటు వలన ఖజానా వట్టిపోగా, 1860లో జేమ్స్ విల్సన్ అను ఆర్థిక సభ్యుడు ఈ దేశమున ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. నాడు సేద్యపు రాబడియు దానికి లోబడినదే. 1886 నాటి చట్టము సేద్యపు రాబడిని విడిచిపెట్టెను. కేంద్రప్రభుత్వపు పన్ను విషయమున ఆ మినహాయింపు నేటికిని నిలిచియున్నది. ఈ సంగతిని శ్రోతలు మనసున నుంచుకొందురు గాక. కడపట దీనితో పని కలదు.

ఇక పొదుపు మాట. 1882లో తపాలా కచేరీలలో పొదుపు బ్యాంకు వెలసెను. దాని విలువ జనులకు ఆపదలోనే తెలిసినది. 1906లో చెన్నపట్టణమున ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిపోగా, దానిని నమ్మి సొమ్ము దాచుకొన్నవారెందరో వీధిపాలైరి. తపాలా సొమ్మునకు సర్కారే పూచీ. అయితే సర్కారునకును అక్కర లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, తపాలా క్యాష్ సర్టిఫికెట్లు వచ్చినవి. రెండవ యుద్ధకాలమున, 1943లో, నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్లు వచ్చినవి. పన్నులేని వడ్డీ దానము కాదు. మన సొమ్ము తనకు కావలసినప్పుడు ప్రభుత్వము చెల్లించు వెల.

స్వరాజ్యము వచ్చిన పిదప 1968లో పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు ఏర్పడెను. ఉద్యోగము లేనివాడును అందు చేరవచ్చును. గడువు 15 సంవత్సరములు. వడ్డీపై పన్ను లేదు. అప్పులవారు కోర్టు డిక్రీ తెచ్చినను అందలి సొమ్ము జప్తు కాదు. అయితే వడ్డీ యొకే తీరున నిలువలేదు. మొదట నూటికి 4.8, 1986 మొదలు 2000 ఆరంభము వరకు 12, 2020 ఏప్రిల్‌లో 7.1కు దిగెను. 1974లో ధరలు నూటికి 20కి మించి పెరిగినవి. ఆ యేట పన్నులేని వడ్డీ తీసికొన్నవాడు సయితము నష్టపడినవాడే. పన్ను తప్పినను ధరల పెరుగుదల తప్పలేదు.

ఇప్పుడు నిర్ణయము. లక్ష రూపాయలపై నూటికి 7 చొప్పున వడ్డీ 7,000. నూటికి 20 వంతున పన్ను కట్టువానికి బ్యాంకు వడ్డీలో 1,400 పోయి 5,600 మిగులును. వానికి పన్నులేని ఖాతా కల్పవృక్షము. కాని కేవలము సేద్యము మీద బ్రదుకుచు, పన్ను కట్టవలసినంత యితర ఆదాయము లేని రైతునకు ఏ ఖాతాలోనైనను 7,000 పూర్తిగా దక్కును. లేని పన్నును తప్పించుకొనుటకు 15 ఏండ్లు సొమ్మును బంధించుట యెందులకు? కొంత కాలము గడచిన పిమ్మట ఋణమును, కొంత సొమ్మును తీసికొను వీలు కలదు గాని, కోరిన క్షణమున అంతయు చేతికి రాదు. వచ్చే మాఘమున పిల్ల పెండ్లి చేయవలసినవాడు, ఏరువాకకు విత్తనములు కొనవలసినవాడు ఆ సొమ్మును అందులో వేయరాదు. పసిబిడ్డ చదువునకు దాచువాడు, అప్పులవారి బాధ నెరిగినవాడు, పన్ను లేకున్నను భద్రత కొరకు వేయవచ్చును.

బ్యాంకు డిపాజిట్లకును 1962 నుండి భీమా కలదు. 2020 నుండి దాని పరిమితి ఒక్కొక్క బ్యాంకులో మనిషికి 5 లక్షలు. కనుక నాటి ఆర్బత్‌నాట్ భయము నేడు అంతగా లేదు.

కావున "పన్ను లేదు" అను మాట విన్నంతనే సంతకము చేయక మూడు ప్రశ్నలు వేసికొనుడు: నాకు పన్ను కలదా? ఈ సొమ్ముతో నాకు ఎప్పుడు పని? ధరలు పెరిగిన నాడు ఈ వడ్డీ దానికి చాలునా? ఈ మూటికి జవాబు దొరికిన పిదపనే తపాలా కచేరీ గడప తొక్కుడు.