చిన్న స్ఫటికాలు - ఎలక్ట్రాన్ వివర్తనం

శరీరంలో ప్రోటీన్ ఏ పని చేస్తుందన్నది దాని ఆకారం మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఆకారాన్ని తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి, దాని మీదికి ఎక్స్-కిరణాలను పంపుతారు. అవి చెదిరి ఏర్పరిచే చుక్కలను బట్టి పరమాణువుల అమరికను లెక్కగడతారు. 1934లో కేంబ్రిడ్జిలో బెర్నాల్, డొరొతీ క్రోఫుట్ పెప్సిన్ స్ఫటికాన్ని ఎండిపోనివ్వకుండా ఉంచి స్పష్టమైన చుక్కలను రాబట్టారు. 1958లో కెండ్రూ బృందం మయోగ్లోబిన్ ఆకారాన్ని వెల్లడించింది.

అయితే ఈ పద్ధతికి పెద్ద స్ఫటికాలు కావాలి. పటికబెల్లం గడ్డకట్టినట్టు ప్రోటీన్లు సులభంగా గడ్డకట్టవు. ఏళ్ల తరబడి శ్రమించినా కొన్ని పొడిలాగే మిగిలిపోతాయి. మరి ఆ పొడిని పారవేయవలసిందేనా?

ఎలక్ట్రాన్లు కూడా తరంగాల్లా ప్రవర్తిస్తాయని 1927లో డేవిసన్, జెర్మర్ అమెరికాలోనూ, జి.పి. థామ్సన్ బ్రిటన్‌లోనూ నిరూపించారు. ఎక్స్-కిరణాలకన్నా ఇవి పదార్థంతో ఎంతో బలంగా చర్య జరుపుతాయి. కనుక చిన్న స్ఫటికం చాలు. కానీ మూడు చిక్కులున్నాయి. సూక్ష్మదర్శినిలోని శూన్యంలో ప్రోటీన్ ఎండిపోతుంది. ఎలక్ట్రాన్ల తాకిడికి దెబ్బతింటుంది. స్ఫటికం మందంగా ఉంటే ఒకే ఎలక్ట్రాన్ పలుమార్లు చెదిరి లెక్కలను తారుమారు చేస్తుంది.

మొదటి చిక్కుకు 1974లో టేలర్, గ్లేసర్ మార్గం చూపారు. కెటలేస్ స్ఫటికాన్ని నీటితో సహా గడ్డకట్టించి పరీక్షించారు. 1975లో హెండర్సన్, అన్విన్ బాక్టీరియోరొడాప్సిన్ పొరలను గ్లూకోజ్‌లో ఉంచి, అతి తక్కువ ఎలక్ట్రాన్లతో వాటి స్థూలరూపాన్ని పట్టుకున్నారు. పరమాణు నమూనా 1990లో వచ్చింది. కానీ అవి ఒక్క అణువు మందం ఉన్న పొరలు. అన్ని వైపులా పెరిగిన స్ఫటికాల విషయంలో మూడో చిక్కు అడ్డు పడుతుందనే సందేహం చాలాకాలం నిలిచిపోయింది.

2013లో అమెరికాలోని జనీలియా పరిశోధనా కేంద్రంలో తమీర్ గోనెన్ బృందం ఆ సందేహాన్ని తీర్చింది. వారు వాడిన లైసోజైమ్ స్ఫటికాల మందం సుమారు అర మైక్రాన్, అంటే మిల్లీమీటరులో రెండువేలవ వంతు. స్ఫటికాన్ని గడ్డకట్టించి, కొద్దికొద్దిగా వంచుతూ ఒక్కొక్కదాని నుంచి 90 దాకా చిత్రాలు తీశారు. 2.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో నిర్మాణం లభించింది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటోవంతు.

దీని ప్రయోజనం ఏమిటని మీరు అడగవచ్చు. పార్కిన్సన్స్ వ్యాధిలో మెదడు కణాల్లో ఆల్ఫా-సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ పేరుకుపోతుంది. అందులో కీలకమైన 11 అమైనో ఆమ్లాల ముక్క ఏర్పరిచే స్ఫటికాలు మామూలు సూక్ష్మదర్శినికి సైతం కనబడవు. 2015లో ఐసెన్‌బర్గ్, గోనెన్ బృందాలు ఈ పద్ధతితోనే దాని నిర్మాణాన్ని 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో కనుగొన్నాయి.

ఇలా వచ్చిన నమూనా సరైనదేనా అని పరీక్షించే సాధనాల్లో ఒకటి మన దేశంలో పుట్టినదే. అది 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్ బృందం అందించిన రామచంద్రన్ పటం. ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలితిరగగలదో, ఏ కోణాల్లో తిరగలేదో అది చెబుతుంది. కిరణం మారినా, స్ఫటికం చిన్నదైనా ఆ నియమం మారదు.