పల్నాడు పిల్లల ఆటలు

పల్నాడు పిల్లల ఆటలు అనగా నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతపు గ్రామాలలో పిల్లలు పెద్దల ప్రమేయం లేకుండా తమలో తాము ఆడుకునే సంప్రదాయ ఆటలు. వీటిలో చాలావరకు తెలుగునాట అంతటా ఉన్నవే. వీటికి కావలసిన సామగ్రి చింతగింజలు, గులకరాళ్ళు, పెంకు ముక్కలు, ఇంటి ముందున్న నాపరాతి అరుగు మాత్రమే. పై మూడు పట్టణాలూ పూర్వం గుంటూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు నరసరావుపేట కేంద్రం.

సాహిత్యంలో

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధగాథను ఒక పిల్లల ఆట మలుపు తిప్పుతుంది. శ్రీనాథుడు రచించినట్లుగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు బొంగరాలాడుతుండగా బొంగరం ఒక స్త్రీ కాలికి తగులుతుంది. ఆమె మందలింపు వల్లనే అతనికి యుద్ధం సంగతి తెలిసి, కారంపూడి రణరంగానికి బయలుదేరుతాడు.

ఆటలు, వికాసం

1932లో అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ చిన్నపిల్లల ఆటతీరును పరిశీలించి, ఒంటరిగా ఆడుకోవడం, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడం, కలిసి ఆడడం వంటి దశలను గుర్తించింది. స్విస్ శాస్త్రవేత్త జీన్ పియాజే అభ్యాసపు ఆట, ఊహల ఆట, నియమాల ఆట అని మూడు విధాలు చెప్పాడు. పల్లెటూరి వీధిలో ఈ మూడూ ఒకే సాయంత్రం కనిపిస్తాయి.

గుజ్జనగూళ్ళు, బొమ్మలపెళ్ళి ఊహల ఆటలు. ఇందులో ఇసుక బియ్యమవుతుంది, ఆకు విస్తరవుతుంది. ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలవడమే తరువాత అక్షరాలకూ అంకెలకూ ఆధారం. తల్లి వేషం వేసిన పిల్ల తల్లిలాగే నడుచుకోవాలి కనుక ఊహల ఆటలోనూ నియమం దాగి ఉంటుందని రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ వివరించాడు.

అచ్చనగాయలలో ఒక కాయను ఎగరవేసి, అది కిందపడేలోగా మిగిలినవి ఏరి, పైదాన్ని పట్టుకోవాలి. దీనివల్ల కంటికీ చేతికీ పొందిక కుదురుతుంది. వామనగుంటలలో రెండు వరుసల్లో ఏడేసి గుంటలుంటాయి. చివరి గింజ ఏ గుంటలో పడుతుందో ముందే చూడగలిగినవారిదే గెలుపు. ఈ లెక్కను ఎవరూ పలకమీద నేర్పరు. పులిజూదంలో మేకలవైపు ఆడేవారు ఒక్కొక్కదాన్ని కాపాడుకుంటూ పులులను కదలకుండా కట్టివేయాలి. తొందరపడేవారికి ఈ ఆట కలిసిరాదు. తొక్కుడుబిళ్ళ శరీరానికి నిలకడనిస్తుంది. చెడుగుడు, కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట ఊపిరిని, కండరాలను, తెగువను పెంచుతాయి.

పంటలు, అరటిపండు

ఆటకంటే ఆట మొదలుపెట్టే పద్ధతిలోనే ఎక్కువ నేర్పు ఉందనిపిస్తుంది. దొంగ ఎవరో తేల్చడానికి పిల్లలు పంటలు వేసుకుంటారు. అందరూ ఒకేసారి అరచేతులు వెల్లకిలానో బోర్లానో వేస్తారు, విడిగా తేలినవాడు పండినట్లు. పెద్దవాడైనా బలవంతుడైనా దీనికి లోబడవలసిందే. మరీ చిన్నవాడిని "ఆటలో అరటిపండు"గా చేర్చుకుంటారు. వాడు పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, కాని అవుటవడు. ఓడిపోతానన్న భయం లేకుండా పెద్దపిల్లలను చూసి నియమాలు నేర్చుకునే ఈ ఏర్పాటు, ఒకే వయసువారిని ఒకచోట కూర్చోబెట్టే బడిలో సాధ్యం కాదు. తొండి జరిగినప్పుడు వచ్చే తగువు కూడా ఆటలో భాగమే. ఆట సాగాలంటే రాజీ పడక తప్పదు. పెద్దలు తీర్పు చెబితే ఆ అవకాశం పోతుంది.

హక్కు, ఆటంకాలు

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో దీనిని ఆమోదించింది. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రకారం బడికి ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలి.

అయితే ఆటస్థలం ఉన్నంత మాత్రాన అందరికీ ఆట దక్కదు. పత్తి, మిరప పండే ఈ ప్రాంతంలో కోతల కాలంలో పిల్లలు పెద్దలతో చేలకు వెళ్ళినా, ఇంట్లో చంటిపిల్లలను ఎత్తుకున్నా మొదట పోయేది ఆట సమయమే. ఆడపిల్లల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. మగపిల్లలు మైదానానికి పోతే వారికి అరుగుమీది ఆటలే మిగులుతాయి. అచ్చనగాయలు వేళ్ళకు ఇచ్చే నేర్పు ఎంత గొప్పదైనా అది పరుగుకు బదులు కాదు. ఈడు వచ్చాక ఆ కాస్త తొక్కుడుబిళ్ళ కూడా మాన్పించడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ.