హైదరాబాదు సిటీ పోలీస్: ఒక ఫుట్‌బాల్ జట్టు ఉత్థాన పతనాలు

ఐరోపాలోని పాత ఫుట్‌బాల్ క్లబ్బుల పుట్టుకను పరిశీలిస్తే, అవి చాలావరకు ఒక ఊరినో, వృత్తినో, సభ్యత్వాన్నో ఆధారం చేసుకుని ఏర్పడినట్లు తెలుస్తుంది. ఇంగ్లండులో 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు ప్రారంభించిన జట్టు కాలక్రమంలో మాంచెస్టర్ యునైటెడ్‌గా మారింది. 1886లో వూలిచ్ ఆయుధ కర్మాగారపు పనివారు కూర్చుకున్న జట్టే నేటి ఆర్సెనల్. స్పెయిన్‌లో 1899లో వెలసిన బార్సిలోనా క్లబ్బు నేటికీ చందా కట్టే సభ్యుల సొత్తు. తెలుగు నేల మీద వీటి సరసన నిలిపి చూడదగిన చరిత్ర హైదరాబాదు సిటీ పోలీస్ జట్టుది. అయితే అది ఒక ప్రభుత్వ శాఖకు చెందిన జట్టు. దాని ఔన్నత్యానికీ, ఆ తరువాతి పతనానికీ ఈ ఒక్క విషయమే చాలావరకు మూలం.

దక్కను పీఠభూమిలోకి ఫుట్‌బాల్ ఆట దండు ప్రాంతాల ద్వారా, అంటే బ్రిటిష్ సైన్యం స్థావరాలు ఏర్పరచుకున్న కంటోన్మెంట్ల ద్వారా ప్రవేశించింది. సికింద్రాబాదు దండు 1806లోనూ, బెంగళూరు దండు 1809లోనూ ఏర్పడ్డాయి. ఈ రెండు నగరాలను కలిపే రహదారి మీదనే చిక్కబళ్లాపురం, బాగేపల్లి ఉన్నాయి. చింతామణితో సహా ఈ సీమలో ఇళ్లలో తెలుగు, కచేరీల్లో కన్నడం వాడుకలో ఉన్నందువల్ల, ఇక్కడి పాఠకులు ఈ రెండు నగరాల క్రీడా చరిత్రనూ తమదని చెప్పుకోవచ్చు. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్, 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్ తొలి దశాబ్దాలలో సైనిక పటాలాల చేతిలోనే ఉండేవి. రోవర్స్ కప్పును మొదటిసారిగా గెలిచిన భారతీయ జట్టు బెంగళూరు ముస్లిమ్స్. 1937లో గెలిచి, మరుసటి ఏడాది కూడా దానిని నిలుపుకొంది.

హైదరాబాదులో పోలీసు జట్టు నిజాం పాలన చివరి దశలో రూపుదిద్దుకుంది. బస్తీలలో ఆడే యువకులలో చురుకైనవారిని ఎంపిక చేసి, వారికి పోలీసు శాఖలో ఉద్యోగమిచ్చి, నెలజీతంతో పాటు సాధనకు తగిన వెసులుబాటు కల్పించడం ఆ జట్టు నిర్మాణ విధానం. వృత్తి క్రీడ, అంటే ఆటకే జీతం పుచ్చుకునే పద్ధతి లేని ఆ రోజుల్లో, పేదింటి పిల్లవాడికి ఖాకీ దుస్తులు దొరకడమంటే ఇంటిల్లిపాదికీ కూడు దొరకడమే. 1943లో ఈ జట్టు బెంగళూరుకు వచ్చి, ఆష్ గోల్డ్ కప్ పోటీలో బ్రిటిష్ వైమానిక దళపు జట్టును ఓడించి తొలిసారిగా బయటి ప్రాంతాలవారి దృష్టిలో పడింది.

జట్టుకు స్వర్ణయుగం తెచ్చిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, బడిపంతులుగా పనిచేసిన ఆయన 1950లో పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టి, 1963లో కన్నుమూసేవరకు దానిని వదలలేదు. ఆయన పద్ధతులలో పంతులుతనం స్పష్టంగా కనిపిస్తుంది: బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ప్రత్యర్థులను తప్పించుకుంటూ పోవడాన్ని, అనగా డ్రిబ్లింగును, పూర్తిగా నిషేధించిన పోటీలనూ, వాటం లేని కాలితో మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలనూ ఆయన కుర్రవాళ్లకు నిర్వహించేవారు. ఒంటరి విన్యాసాలకు అలవాటుపడిన ఆటగాళ్లు బంతిని వెంటవెంటనే అందించుకునే సమష్టి ఆటకు మళ్లడం ఈ సాధన ఫలితమే. 1953లో హంగేరీ జట్టు వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించినప్పుడు ప్రపంచానికి తెలిసివచ్చిన ఎత్తుగడను, అంటే ముందువరుస మధ్య ఆటగాడు వెనక్కి తగ్గి ఆడి ప్రత్యర్థి రక్షణను చెదరగొట్టడాన్ని, రహీం శ్రద్ధగా గ్రహించి తన ఆటగాళ్లకు తగినట్లు మలిచారు. నలుగురు రక్షకులు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు నిలిచే వ్యూహాన్ని బ్రెజిల్ కన్నా ముందు ఆయనే కనిపెట్టారని కొందరు అభిమానులు అంటారు గాని, అది అతిశయోక్తి; ఎక్కడో పుట్టిన విద్యను ఆలస్యం లేకుండా నేర్చి నేర్పడం తక్కువ ఘనతేమీ కాదు.

ఫలితాలు అసాధారణమైనవి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాదు పోలీసులదే. 1950 డ్యూరాండ్ తుదిపోటీలో మోహన్ బగాన్‌నూ, 1954లో బెంగళూరుకు చెందిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టునూ, 1957లో ఈస్ట్ బెంగాల్‌నూ ఓడించారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు వరుసగా రెండుసార్లు, 1956-57లోనూ 1957-58లోనూ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కొన్నేళ్లకు జట్టు పేరు ఆంధ్ర పోలీస్‌గా మారింది. 1961లో డ్యూరాండ్, 1960, 1962, 1963లలో రోవర్స్ (1962లో ఈస్ట్ బెంగాల్‌తో సంయుక్తంగా) ఆ పేరుతోనే దక్కాయి.

రహీం ఇదే కాలంలో భారత జట్టుకూ శిక్షకుడు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం తరువాత, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో పలువురు ఆటగాళ్లు బూట్లు లేకుండా ఆడగా యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో భారత్ ఓడింది. నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. పోలీసు జట్టు ఆటగాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ ఈ రెండు ఒలింపిక్స్‌లోనూ ఉన్నారు. 1962లో క్యాన్సర్‌తో బాధపడుతూనే రహీం జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకువెళ్లగా, తుదిపోటీలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ రెండో స్వర్ణం సాధించింది. ఆంధ్ర పోలీస్ ఆటగాడు యూసఫ్ ఖాన్ ఆ బృందంలోనివాడే.

1963 జూన్ 11న రహీం మరణించారు. పతనానికి ఆయన మరణాన్నే కారణంగా చెప్పడం పరిపాటి. అసలు కారణం అంతకు ముందే మొదలైంది. సికింద్రాబాదు ప్రాంతపు తులసీదాస్ బలరాం 1957లోనే కలకత్తాకు వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1960ల మధ్యలో హైదరాబాదు ఆటగాళ్లు నయీముద్దీన్, హబీబ్ అదే దారి పట్టారు. 1889 నాటి మోహన్ బగాన్‌కూ, 1920 నాటి ఈస్ట్ బెంగాల్‌కూ వేల సంఖ్యలో సభ్యులూ, టికెట్టు కొని చూసే జనమూ ఉన్నందువల్ల అవి ఆటగాళ్లకు సొమ్ము ఇవ్వగలిగాయి. పోలీసు శాఖ ఇవ్వగలిగింది ఉద్యోగం మాత్రమే; రైల్వేలూ, బ్యాంకులూ కూడా క్రీడాకారులకు కొలువులు ఇవ్వసాగాక ఆ ఆకర్షణ కూడా పలచబడింది. హైదరాబాదులో ఆటను ప్రేమించే జనానికి కొదవ లేకపోయినా, వారెవ్వరికీ ఆ జట్టు మీద సభ్యత్వపు హక్కు లేనందున, అది క్షీణిస్తున్నప్పుడు నిలదీయగలిగినవారు లేకపోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ వైభవపు చివరి ఘట్టం.

రోవర్స్ కప్ పోటీలే ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. దాని విజేతల పట్టికలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌ల తరువాతి స్థానం, తొమ్మిది విజయాలతో, ఇప్పటికీ హైదరాబాదు పోలీసులదే.